పెన్సిలు గుర్తు

నల్లచెరువు ఆరో లైను జాబితా నా చేతికిచ్చారు,
ఒక పెన్సిలిచ్చారు.
మనోళ్ళయితే టిక్కు, కాకపోతే ఇంటూ,
తేలనివాళ్ళకి సున్నా.
"ఆ సందువాడివేగా మౌలాలీ,
మీవాళ్ళ సంగతి నీక్కాక ఎవరికి తెలుసుద్ది?"
టీ గ్లాసు కింద పెట్టకుండానే అన్నాడు వార్డు ఇన్‌ఛార్జి.

మావాళ్ళు.
నాలుగు వందల పన్నెండు ఓట్లు.
పార్టీ ఆఫీసు గోడమీది పటంలో
ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో చుట్టిన ఒక్క గుండ్రం.

పోయినసారి ఆ గుండ్రం కోసం
ఎక్కడినుంచో ఒక పెద్దమనిషిని రప్పించారు.
జీపు మీద నిలబడి ముప్పావుగంట ఉర్దూలో మాట్లాడాడు.
ఎంత బాగా మాట్లాడాడో!
గొంతు లేవాల్సినచోట లేచింది, తడవాల్సినచోట తడిసింది.
మా నాగూరమ్మ పెద్దమ్మ గుమ్మంలో కూచుని అంతా విని
"పాపం, ఆయనకేం కష్టమొచ్చిందిరా?" అనడిగింది.

దూదేకులోళ్ళం మేం.
నమాజు దాటితే మా ఇళ్ళల్లో అంతా తెలుగే.
తిట్టుకునేది తెలుగు, పిల్లని జోకొట్టేది తెలుగు,
శవం ముందు ఏడ్చేది కూడా గుంటూరు తెలుగే.
ఆ మాట చెబుదామని చెయ్యెత్తాను.
జేజేలు కొడుతున్నాననుకుని ఫోటో తీశారు.

అవతలి పార్టీ ఇంకోలా పొరబడింది.
వాళ్ళ మైకు ఆటో ఐదో లైను దాకా వచ్చి
మా మలుపు దగ్గర గేరు మార్చుకుని వెనక్కి పోయింది.
ఓడినవాళ్ళు మీవాళ్ళే ముంచారన్నారు.
గెలిచినవాళ్ళకి
మాలో కొందరు వేశామన్నా నమ్మకం కుదర్లేదు.

మా తాత విల్లు ఇంకా అటక మీదుంది.
పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని
నారి మోగించి మోగించి పోగుపోగునా విడదీసేవాడు.
తలవైపు దూది చెమట తాగి ఉంటది,
కాళ్ళవైపుది మట్టి,
నడుం కిందది ఇక దేనికీ పనికిరాదు.
"అంతా ఒకటే అనుకుని తూచేవోడికి
ఏకడం రాదురా" అనేవాడు దుమ్ములోంచి దగ్గుతూ.

మొదటి గుమ్మం. షేక్ జాన్‌బీ, యాభై మూడు.
యార్డులో మిరపకాయలకి తొడిమలు తుంచే పని.
వేళ్ళు చూపించింది. గీతల్లేవు, అరిగిపోయినై.
ముద్ర పడక మూడు నెలల బియ్యం ఆగినై.
"ఆ మిషను కాడ నాతోపాటు వచ్చి నిలబడినోళ్ళకి యేస్తా."
ఎవరొచ్చారు?
"మీవోడూ రాలా, వాళ్ళోడూ రాలా.
రేషను డీలరు పెళ్ళాం వచ్చి గంటసేపు నిలబడింది.
ఆమె పోటీ చేస్తందా?"

ఏ గుర్తు పెట్టను?

దస్తగిరి మామకి ఫోము పరుపుల కొట్టు.
బీసీ కాగితం జోలికి రానివాడే మనవాడంటాడు.
వాళ్ళ రఫీకిది మొదటి ఓటు, ఫోన్లోంచి తలెత్తకుండా
"చెప్పను బాబాయ్" అన్నాడు.
చెప్పనన్నదానికి గుర్తు లేదు.
కాశింబీ వాళ్ళాయనతో పోట్లాటలో ఉంది,
ఆయనెటేస్తే దానికి ఎదురు.
ఆయనెటు? అది తెలిస్తే ఇంట్లోకి రానిస్తుందంట.

నాగూరమ్మ పెద్దమ్మ మాత్రం
మంచంమీంచే నా చెయ్యి పట్టుకుని
"ఈసారి వచ్చేవోడు తెలుగోడేనా?" అంది.

సాయంత్రానికి జాబితా నిండా సున్నాలే.
ఇన్‌ఛార్జి పేజీలు తిప్పాడు, నా వంక చూశాడు,
"ఏందయ్యా ఇది, పరీక్ష పేపరా?"
చివరి పేజీలో వేలు ఆపాడు.
వరుస సంఖ్య నాలుగు వందల ఆరు.
నా పేరే.
పొద్దున్నే అందరికంటే ముందు అక్కడ టిక్కు పెట్టాను.
మధ్యాన్నం జాన్‌బీ ఇంటినుంచి వచ్చాక చెరిపాను,
మళ్ళీ పెట్టాను, మళ్ళీ చెరిపాను.
ఆ కాస్త చోటా కాగితం పలచబడి
ట్యూబులైటు వెలుతురు ఇవతలికి వస్తోంది.