ఏం లేదులే

కడప రిమ్స్‌లో పన్నెండో నంబరు గది బయట
నాపరాతి బెంచీ మీద మా నాయన పక్కన కూర్చున్నా.
ఎర్రగుంట్లలో ఎక్కినప్పటి నుంచి
బస్సు టిక్కెట్టు మడుస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మడుస్తున్నాడు.
"మస్తానమ్మా, ఇదెవురికియ్యాల?"
మస్తానమ్మ మా మేనత్త. పోయి పదకొండేళ్లు.
నేను మాబున్నీని.

లోపల డాక్టరమ్మ అడుగుతూ పోయింది, రాసుకుంటూ పోయింది.
బీపీ ఉందా? ఉంది.
నొప్పి లేని రోగానికి మందెందుకని
సగం మాత్రలు మింగి సగం గూట్లో దాచేవాడు, బీడీ కట్టల వెనక.
షుగరు? ఎప్పుడూ చూపించలేదు.
చదువు? రెండో తరగతి.
తలకు దెబ్బేమైనా?
రంజాన్ నెలలో ఒకసారి ట్రాక్టరు మీంచి పడ్డాడు,
నెత్తికి తువ్వాలు చుట్టుకుని
పొద్దుగూకేదాకా బండలు దించాడు.
చెవులు బాగా వినపడతాయా?

అక్కడ ఆగిపోయా.

ముప్పైరెండేళ్లు కట్టింగు మిషను పక్కన.
రంపం నాపరాయిలోకి దిగుతుంటే
రోడ్డు మీద పోయేవాళ్లు కూడా మాట ఆపేసేవాళ్లు.
చెవుల్లో దూది పెట్టుకో నాయనా అంటే నవ్వేవాడు:
"మా తాతలు ఏకిన దూదంతా అమ్ముకున్యారు గదమే,
నాకేడ మిగిలిచ్చినారు?"

బండను వేలి కణుపుతో తట్టి
లోపల నెర్రె ఉందో లేదో చెప్పేవాడు.
మంచి బండ కంచు పళ్లెంలా పలుకుతుందట,
నెర్రె బండ ముసలాడిలా దగ్గుతుందట.
ఆ వేలు తట్టందే ఓనరు లోడు ఎత్తనిచ్చేవాడు కాదు.
మా ఇంటి నేలంతా ఆయన వద్దన్న బండలే.
ఒకనాడు నాలుగు నెర్రె బండల్ని మంచివని పంపాడు.
బెంగళూరులో దింపుకున్నోళ్లు ఫోను చేసి తిట్టారు.
ఆ రోజే మాకు తెలియాల్సింది.
కళ్లు మసకలేమో అనుకున్నాం.

తర్వాత ఇంట్లో,
"ఏమంటాండారు?" అని అడిగేవాడు.
ఒకసారి చెప్పాం.
రెండోసారి అరిచాం.
మూడోసారి, "ఏం లేదులే నాయనా."
టీవీ ముందు అందరం నవ్వితే, ఎందుకని. ఏం లేదులే.
తమ్ముడికి సంబంధం చూసొచ్చిన రోజు,
పిల్లది ఏ ఊరని. ఏం లేదులే, ఊరకుండు.
పొట్టేలు ఎంత చెప్పినారు,
ఎదురింట్లో ఏందా గొడవ,
నా కొడుకు పలికిన మొదటి మాట ఏంది?
ఏం లేదు, ఏం లేదు.
కొన్నాళ్లకు అడగడం మానేశాడు.
దాచడమెందుకు, మాకు హాయిగా ఉండింది.
గోడకేసి తిరిగి కూర్చునేవాడు.
వయసు అనుకున్నాం.

"ఒక్కదాని వల్లే అని చెప్పలేమమ్మా," అంది డాక్టరమ్మ.
"అన్నీ కొంచెం కొంచెం. వినపడకపోవడమూ అందులో ఒకటి.
మాట అందకపోతే మెదడుకు పని తగ్గిపోతుంది."
అప్పుడే చెవి మిషను పెట్టించి ఉంటే?
"చెప్పలేం. ఇప్పుడైనా పెట్టించండి."
ఆ "చెప్పలేం" మీద కోపమొచ్చింది నాకు.
నిజమే కావచ్చు.
అదే రంపం దగ్గర పాతికేళ్లు చేసిన ఓబులేసు
ఇప్పటికీ పేకాటలో దొరక్కుండా మోసం చేస్తాడు.
కానీ వాడి పెళ్లాం
ఎంత గట్టిగా పోట్లాడుతుందో వీధంతటికీ తెలుసు.

బయటికొచ్చి మందుల చీటీ పట్టుకుని మళ్లీ కూర్చున్నాం.
నాయన బెంచీని తట్టాడు. చెవి వంచాడు.
ఇంకోసారి తట్టాడు.
తర్వాత అదే కణుపుతో
తన నెత్తి మీద రెండు దెబ్బలు కొట్టుకుని నాకేసి చూశాడు.
"ఇను మే. నెర్రుండాదా?"

ఏం లేదులే.
నాలిక చివరిదాకా వచ్చింది, అలవాటు కొద్దీ, ప్రేమ కొద్దీ.
మింగేశా.
చెవి దగ్గరికి వంగి, గట్టిగా,
"ఉండాది నాయనా" అన్నా.
చీటీల క్యూ మొత్తం మావైపు తిరిగింది.

"అట్లనా," అన్నాడు, చాన్నాళ్లకు పని దొరికిన మనిషిలా.
"అయితే లోడులో ఎయ్యొద్దు.
ఇంటికి ఎత్తకపోదాం."
మడిచిన టిక్కెట్టు నా చేతిలో పెట్టాడు,
కూలి ఇచ్చినట్టు.