కుసి మీద అంకె

శుక్రవారం సంత ముగిశాక, పల్లావరంలో,
ట్రాలీ ఆటో మీద వెల్లకిలా పడుకుని వచ్చింది పుస్తకాల బీరువా,
అద్దాలకు గోనెసంచులు కట్టుకుని.
షెడ్డు రేకుల మీదుగా విమానం దిగుతుంటే
దాని తాళంచెవి ఒక్కటే గజగజలాడింది.

"లండన్ సరుకు. నూటయాభై ఏళ్లు" అన్నాడు సాహుల్ భాయ్.
ఆయనకు ప్రతిదీ నూటయాభై ఏళ్లే,
నిరుడు కొన్న స్టూలుతో సహా.

నేను పాలిష్ పట్టేదాన్ని.
బీరువాల వయసు నాకు చేతికి తెలుస్తుంది.

ముందొచ్చిన దొరలు దండుతో కదిలే పెట్టెలు చేయించుకున్నారు:
మూలలకు ఇత్తడి, పక్కలకు పిడులు,
ఎద్దుబండి ఎక్కితే రెండు ముక్కలు, దిగితే ఒకటి.
ఊళ్లు తమవే అనుకున్నాక బీరువాలు గోడంత పెరిగాయి,
నెత్తిన చర్చి కిటికీల కమానులు పెట్టుకున్నాయి.
కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, చీమలకు కందకం.
చెదలకు జడిసి వీపు గోడకు ఆనించేవాళ్లు కాదు,
కుర్చీ వెనక నౌకరు నిలబడ్డట్టు జానెడు దూరం.
వకీళ్ల కాలానికి ఒకదాని మీదొకటి పేర్చే అరలు,
కేసు గెలిచినప్పుడల్లా ఇంకొకటి;
అద్దం తలుపు ఎత్తి తోస్తే
కనురెప్పలా లోపలికి పోతుంది.
తర్వాత మూలలు గుండ్రబడ్డాయి.
తర్వాత ఇనుము.
ఆ తర్వాత, తడి తగిలితే అప్పడంలా ఉబ్బే పొట్టుచెక్క.

మనకు వీటికి ముందేముంది?
వంటింటి పొగలో దూలానికి వేలాడిన తాటాకు కట్ట,
ఎర్రగుడ్డ మూట, గోడలో గూడు.
చదువును అద్దం వెనక పెట్టి చూపించడం
ఎవరింట్లోనో చూసి నేర్చుకున్నాం.

సోమవారం వీపు పలకలు విప్పాను.
ఒక్క మేకు లేదు. అన్నీ కుసులే,
బెజ్జాల్లో పంతం పట్టి కూర్చున్నాయి.
మొదటిది లాగి దుమ్ము ఊదితే
ఉలితో గీసిన అంకె: ౧.
పక్కదాని మీద ౨.
౩.
ముడేసిన దారంలా ౪.

మా తాత పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో బల్లలు బిగించేవాడు.
రంపపు పొట్టులో వేలు పట్టి దిద్దించాడు ఇవన్నీ.
"బళ్లో చెప్పరే వీటిని. చెక్కకి మాత్రం ఇవే తెలుసు."

లండన్‌లో ఎవడు గీస్తాడు ౪?

దొరకు బదిలీ అయినప్పుడల్లా విప్పి ఉంటారు దీన్ని.
కొత్త ఊళ్లో తలుపు మూసుకోక, అరలు ఒంటికాలి మీద ఊగుతుంటే
ఇన్ని పుస్తకాలు చదివినాయన
ఆరుకీ ఏడుకీ తేడా తెలియక వరండాలో నిలబడి
చదవగలిగినవాడి కోసం బంట్రోతును పంపి ఉంటాడు.
వచ్చినవాడి పేరు నాకు తెలియదు.
గీసినవాడిదీ తెలియదు.
ఒకచోట మాత్రం ౬ కొట్టేసి పక్కన ౭ గీశాడు.
నా బొటనవేలు అక్కడే ఆగిపోయింది చాలాసేపు.
ఆ పొద్దు ఇంట్లో ఏం జరిగిందో,
ఎవరికి జ్వరమో.

"ఏంటమ్మా అది?" అన్నాడు భాయ్, అరవంలో.
"లెక్క."
"లండన్ లెక్కా?"
నవ్వి ఊరుకున్నాను. చెబితే సగం ధర పోతుంది,
ఆ సగంలోంచే నా కూలి.

ఆళ్వార్‌పేట కాఫీ హోటలువాళ్లు బేరం కుదుర్చుకున్నారు.
అందులోకి గోధుమరంగు అట్టల పుస్తకాలు
కిలోల లెక్కన కొంటారట.
చదవడానికి కాదు, ఫోటోలో వెనక కనపడడానికి.

ఐదో అర ఎప్పుడో పోయింది.
చెల్లదురై పాత తలుపు టేకుతో కొత్తది కోశాడు,
చేవ ఇంకా ఎర్రగా ఉంది.
కుసి బెజ్జంలో పెట్టి సుత్తి ఎత్తాడు.
ఆగమన్నాను.
లక్క అంటిన చేతులు పంజాబీకే తుడుచుకుని
ఉలి అడిగాను. వింతగా చూసి ఇచ్చాడు.

౫ వంకరగా వచ్చింది.
దిద్దలేదు.

"ఇక కొట్టు" అన్నాను.
రెండు దెబ్బల్లో లోపలికి పోయింది.