ఎన్ని హెచ్‌పీ?

నార్పల బస్టాండు ఎనక రేకుల అంగడి నాది.
కాలిన మోటార్ల కడుపు కోసి
నల్లబడిన రాగితీగ పెరికి
కొత్త తీగ చుట్టేది పని.
ఇరవై ఆరేండ్లు.
ఎంత లోతుకు ఎన్ని హెచ్‌పీ కావాల్నో
కండ్లు మూసుకోని చెప్తా.
ఎనిమిది నూర్ల అడుగులు దాటిందంటే మాత్రం
ఏమీ చెప్పను.
బీడీ ముట్టిస్తా.

మొన్న బుధవారం మా మాబున్ని
నా టీగ్లాసులో ఎర్ర ఇంకు కలిపి
తెల్ల చామంతిని నిలబెట్టి బడికి పోయింది.
మునిమాపుకు చూస్తే
పూరేకుల అంచుల్లో సన్నగా ఎర్రగీతలు,
నిద్రల్యాని కండ్ల మాదిరి.

"కింద ఏం బిగించినావే?" అంటి.
"కింద ఏమీ ల్యా నాయనా."
"మరి నీళ్లను ఎవరు నూకినారు?"
"నూకేది గాదు, లాగేది. పైనుంచి.
ఆకుల్లో కంటికి ఆనని నోర్లుంటాయి.
ఎండకు ఒక్కో నోట్లో ఇంత తడి ఆరిపోతాది.
ఆరిపోయిన బొట్టు జాగాలోకి
కింది బొట్టు ఎక్కుతాది,
దాని చెయ్యి పట్టుకోని ఇంకోటి,
దాని చెయ్యి పట్టుకోని ఇంకోటి,
అట్లా వేరు కొస దాకా."

నవ్వొచ్చింది నాకు.
పోగొట్టుకుంటే నీళ్లొస్తాయా యాడన్నా?
ఈ సీమలో పోగొట్టుకోనోడెవడు?
ఆ లెక్కన
ప్రతి మిద్దె మీదా వాన నిలబడి ఉండాల.

మాబున్ని నవ్వల్యా.
పుస్తకం తెరిచి బొమ్మ చూపించె.
వెంట్రుక కంటే సన్న గొట్టాలు,
వాల్వు ల్యా, బుష్షు ల్యా, స్టార్టరు ల్యా.
రాత్రయితే ఆ నోర్లు మూసుకుంటాయంట.
మాకు త్రీఫేజు వచ్చేదే రాత్రి ఒంటిగంటకు.
చెట్లు పండుకున్నాక
ఊరంతా లేచి టార్చిలైట్లతో నీళ్లు నూకుతాది.

శనివారం చిన్న ఓబులేసు వచ్చె.
"గాలి కొడతాంది దస్తగిరీ, ఒకసారి చూద్దురా."
తొమ్మిదినూర్ల అరవై అడుగులు.
పైపు రెండుసార్లు దగ్గి
గుప్పెడు బురద ఉమ్మి నిలిచిపాయ.
పైన నాలుగునూర్ల పన్నెండు చీనీచెట్లు,
ఆకులు దొప్పల మాదిరి ముడుచుకోని,
గోలీలంత కాయలు ఇంకా ఇడవకుండా పట్టుకోని.
"మోటారు బాగానే ఉండాది" అంటి.
అంతకంటే చెడ్డమాట ల్యా మా పనిలో.

ఇంటికొచ్చి అడిగినా,
చెట్టుకు గూడా గాలి పట్టుకుంటాదా అని.
"పట్టుకుంటాది నాయనా.
కింద తడి అందక, పైన ఎండ లాగుడు ఎక్కువైతే
నడుమ యాడో చెయ్యి జారుతాది.
ఒక బుడగ. ఆ గొట్టం ఇంక పన్జేయదు.
తెగేటప్పుడు టిక్కుమంటాదంట.
మన చెవికి ఇనపడదంట."

బేరింగు పోయిందా, షాఫ్టు వంగిందా
రోడ్డు మీదనుంచే చెప్పే చెవులివి.
అన్నం సగించల్యా.

పొద్దున్నే మళ్లా పోయినా ఆ తోటకు.
గట్టు పక్క చెట్టు మొద్దుకు
స్క్రూడ్రైవరు మొన ఆనించి
పిడిని చెవికి పెట్టుకున్యా,
మోటారుకు పెట్టినట్లే.
ఓబులేసు కొంచేపు చూసె.
"ఏంది సామీ, బేరింగు పోయిందా?"

మాట్లాడొద్దని చేత్తో సైగ చేసినా.