కూర్చుంటేనే కనిపించే అద్దం

కురుపాం మార్కెట్ వెనక సందులో
అప్పన్రాజు పాత సామాన్ల కొట్టు.
టేపు మర్చిపోయి చున్నీతో కొలుస్తున్నాను.
మా ఇంట్లో మంచానికీ కిటికీకీ మధ్య
ఉన్నది చున్నీలో ముప్పాతిక.

కొత్తవి చూశాను, డాబాగార్డెన్స్‌లో.
చుట్టూ బల్బులు,
తాకితే చాలు మెత్తగా మూసుకునే సొరుగులు.
వస్తువు మరీ అంత మర్యాదగా ఉంటే
నాకెందుకో నమ్మబుద్ధి కాదు.

దీనికి మూడు అద్దాలు.
ఎడమదాని అంచున పూతని
ఉప్పుగాలి కొరుక్కు తింది.
కుడి సొరుగు ఎంత లాగినా రాదు.
"గుంజకండమ్మా, తుఫాన్లకి ఉబ్బిపోనాది.
ఎండలొస్తే దానంతటదే వచ్చేస్తాది.
లోపలేటుందో నాకూ తెల్దు."
రెండు వేలు తగ్గించమన్నాను.
ఐదొందలు తగ్గించి
సొరుగులో ఏదున్నా మీదే అన్నాడు.

నిలబడి చూస్తే
మెడ నుంచి నడుము దాకానే నేను.
తల లేదు.
తీరిగ్గా కూర్చునే మనిషెవరికో చేసిన బల్ల.

ఇరవై రెండేళ్లుగా నా జడ
వాష్‌బేసిన్ ముందు, నిలువుకాళ్ల మీద.
పిన్నులు పళ్ల మధ్య,
చెవి స్టీల్‌ప్లాంటు బస్సు హారన్ మీద.

అప్పన్రాజు రంగు డబ్బా ఒకటి బోర్లించాడు.
కూర్చున్నాను.
ముగ్గురు ఆడవాళ్లు
ఒక్కసారే నా వైపు చూశారు.
ఎడమావిడకి చెవి వెనక
ఎప్పుడు నెరిసిందో, ఒక పాయ.

ట్రాలీ ఆటోలో దుప్పటి చుట్టి తెస్తుంటే
జ్ఞానాపురం దగ్గర గాలికి దుప్పటి జారి
వెనక బైకువాడు
క్రాపు సర్దుకున్నాడు.

సొరుగు ఇంకా రాలేదు.
మే నెల దాకా గడువుంది దానికి.
ఈ వారంలో నాకు మాత్రం
రెండుసార్లు బస్సు తప్పింది.