పంతొమ్మిది సీసాలు

వెర్నా టాకెట్ ఆ వేరుని
బ్రెడ్ కవర్లో చుట్టి తెచ్చింది.
చిటికెన వేలంత లేదు.
గోరుతో గీరి చూపించింది:
లోపల, పచ్చి పసుపుకొమ్ము విరిచినట్టు రంగు.
అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
పసుపు వాసన కాదు.
తడిమట్టి, తుప్పు, ఇంకేదో.

ఒహాయోలో ఈ మెగ్స్ కౌంటీ వాళ్ళు
దీన్ని ఎల్లోరూట్ అంటారు.
నోటిపూతకి, కంటికలకకి, కడుపులో మంటకి
వాళ్ళ అమ్మమ్మల నాటి నుంచీ ఇదే.
గ్యాస్ పైపు కోసం కొండ ఉత్తరపు వాలు చెక్కేశారు.
మిగిలినదాన్ని రాత్రిపూట, నెత్తికి లైట్లు కట్టుకుని
పౌనుకింత అని ఎవరో తవ్వుకుపోయారు.
"నేనూ తవ్వినదాన్నేలే" అంది వెర్నా.
"నలభై ఏళ్ళు.
ట్రక్కు టైర్లు, పిల్లాడి కళ్ళజోడు, మా ఆయన శవపేటిక
అన్నీ ఈ వేరే కొనిపెట్టింది.
కాకపోతే గింజ రాలాకే తవ్వేదాన్ని.
ఒక్కో గింజా బొటనవేలితో నొక్కి మరీ వచ్చేదాన్ని."

కుళాయి కింద గంటసేపు కడిగాను.
బ్లీచ్‌లో పన్నెండు నిమిషాలు.
ఎక్కువైతే మొగ్గ చస్తుంది,
తక్కువైతే బూజు బతుకుతుంది.
ఆ పన్నెండు నాకెవరూ నేర్పలేదు,
చంపి చంపి తెలుసుకున్నాను.
గాలి వడపోసే పెట్టె ముందు కూర్చుని
పెసరబద్దంత ముక్కలు, పంతొమ్మిది.
అగార్, పంచదార, ఉప్పులు, ఉందా లేదా అన్నంత హార్మోను:
బాలింత పథ్యంలా కొలిచి పోసిన తిండి.

నాలుగో రోజుకి ఆరు సీసాల్లో దూది మొలిచింది.
పదో రోజుకి ఇంకో ఏడు.
పారేసేముందు వాటిని ఆటోక్లేవ్‌లో ఉడకబెట్టాలి.
ఆ వేళ నేను భోజనం చెయ్యలేదు.

అడవిలో బూజుల్లో కొన్ని దీనికి చుట్టాలు,
వేరు నోటికి నీళ్ళందించే చేతులు.
ఇక్కడ అన్నీ శత్రువులే.
ఈ సంగతి రాయడానికి రిపోర్టులో గడి లేదు.

మిగిలిన ఆరింటిలో ఐదు
తమ చేదు తామే కక్కుకుని నల్లబడ్డాయి.
ఒక్కటి, పదకొండో నంబరు సీసా,
ఏం తోచిందో ఏమో
పక్కన ఇంకో మొగ్గ వేసింది.

కోశాను. రెండు. నాలుగు.
నెలనెలా కొత్త సీసా, కొత్త జెల్లీ.
మూడో శీతాకాలానికి అరలనిండా
ఆరువందల నలభై.
ఆరువందల నలభై అని రాయాలో
ఒకటి అని రాయాలో తెలీదు.
అన్నీ వెర్నా తెచ్చిన ఆ ఒక్క వేరే,
ఒక్క తెగులొస్తే అన్నీ ఒకే రాత్రి పోతాయి.
అందుకే అడిగాను: ఇంకో కొండ, ఇంకో వాలు,
నువ్వు దాచుకున్న చోటేదైనా?
అలాంటి చోట్లు సొంత చెల్లెలికైనా చెప్పరట.
మాట మార్చి వెళ్ళిపోయింది.
మర్నాడు ల్యాబ్ గుమ్మంలో
కాఫీ డబ్బా, అందులో మూడు వేర్లు.
చీటీ లేదు.

ఏప్రిల్‌లో గాజు దాటించాం.
సీసాలో పెరిగిన ఆకుకి గాలంటే తెలీదు,
ఒంటినిండా నోళ్ళే, మూసుకోవడం రాదు.
మూత తీస్తే మధ్యాహ్నానికి వేలాడిపోతుంది.
ఇవాళ వేలెడు, ఎల్లుండి బెత్తెడు
అలా అలా తెరిచినా నూటికి నలభై పోయాయి.
మిగిలినవాటిని పాప్లర్ చెట్ల నీడన
వెర్నా బొటనవేలితోనే నొక్కింది.

రెండేళ్ళయ్యాక ఓ పొద్దున
నన్నడక్కుండా ఒకటి పీకి
జీన్స్‌కి తుడిచి కొరికింది.
కొండవైపు చూస్తూ చాలాసేపు నమిలింది.
పచ్చగా ఉమ్మింది.
"చేదుంది."
హమ్మయ్య అనుకున్నాను.
"కానీ దీనికింకా భయం తెలీదు.
పురుగు కొరకాలి, జింక తొక్కాలి,
ఓ ఆగస్టు నీళ్ళెగ్గొట్టాలి.
ఇంకో రెండేళ్ళు ముట్టుకోకు."
మిగతా సగం నా చేతిలో పెట్టింది.

ఎన్ని వేల మొగ్గలు కోశానో,
ఎప్పుడూ మూతికి మాస్కే.
కొరికాను.

సాయంత్రానికి కూడా పళ్ళు పసుపే.
గురువారం మళ్ళీ సీసాలు మార్చాలి.