ఇరవై అడుగుల వెలుగు

కొర్లగుంటలో, లుంగీల అంగడి మీది మిద్దెగదిలో
ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు
మేం నలుగురం ఒక గుహలో ఉన్నాం.
గుహంటే గళ్ల కాగితం.
రాక్షసులంటే చింతగింజలు.
చెంగల్రాయుడి మాంత్రికుడు
ఒక సోడాసీసా మూత.

మంత్రం చదివినాడు.
రూపాయి బిళ్లకు వెలుగు అంటుకుంది.
పుస్తకంలో ఉండేది మూడే ముక్కలు:
చుట్టూ ఇరవై అడుగులు నిండు వెలుగు,
ఆపైన ఇంకో ఇరవై మసక,
గట్టి వస్తువుతో కప్పిన యెడల వెలుగు ఆగును.

'ఆగును' అని రాసినాయన
చెంగల్రాయుణ్ణి ఎరగడు.
లా రెండో సంవత్సరం. కామాకు కూడా వాయిదా అడిగే రకం.
"బిళ్ల నోట్లో వేసుకుంటా ఉండా.
బుగ్గ గట్టి వస్తువా కాదా, తేల్చు."

తేల్చాల్సింది నేనే. కథ నడిపేదాన్ని.
వారంలో ఆరు రోజులు ఆర్టీసీ పాసుల కౌంటర్లో
"ఫోటో మీద సీలు లేదు, రేపు రాపో" అనేదాన్ని.
ఏడో రోజు గుహలకు న్యాయం చెప్తా.

జమీర్ తాళంచెవుల గుత్తిలోని చిట్టి టార్చి
వెలిగించి నోట్లో పెట్టుకున్నాడు.
బుగ్గ దానిమ్మ గింజ మాదిరి ఎర్రబడింది.
మా నవ్వులకి పాచిక మంచం కిందికి పోయింది.
తీర్పు రాసుకున్నా: బుగ్గ గట్టిది కాదు.
నోరు తెరిస్తే మాంత్రికుడు దొరికిపోవును.

అసలు తగవు ఆ తరవాత.
గుహ ఆ చివర, నూరడుగుల అవతల,
ఏడు చింతగింజలు కాపు కాస్తా ఉండాయి.
"నలభై దాటితే వెలుగే లేదు కదా,
లేనిదాన్ని వాళ్లెట్ల చూస్తారు?"
అని చెంగల్రాయుడు.
"మా చిచ్చా అంగట్లో ఎన్ని బల్బులు అమ్మింటానో,
ఇంత దూరం వరకే కనపడతాదని
ఎవురికీ రాసియ్యలేదప్పా"
అని జమీర్.

పుస్తకం రెండుసార్లు తిరగేసినా.
వెలుగు ఎంత దూరం పోతుందో ఉంది.
ఎంత దూరం నుంచి కనపడుతుందో లేదు.

అంతలో కరెంటు పోయింది.

ఫ్యాను రెక్కలు అలిసిపోయే చప్పుడు.
కింద అంగడాయన షట్టరు దించుతా
ఎవర్నో తిట్టుకునే చప్పుడు.
కిటికీలో కొండ.
దాని మీద ఘాట్ రోడ్డు లైట్లు మాత్రం పోలేదు,
చీకటిగుడ్డకు ఎవరో సగం కుట్టి
వదిలేసిన అంచు మాదిరి.

"అవి కనపడతా ఉండాయా?" అన్నా.
"ఉండాయి."
"నీ గళ్లు?"
చెంగల్రాయుడు కాగితం మీదికి వంగినాడు.
తన సీసామూత తనకే దొరకలేదు.

గెలిచినాననుకున్నా.

అప్పుడు మునిశేఖర్ గొంతు సవరించుకున్నాడు.
చీకట్లో అరవై అడుగులు చూసే
అడివిజాతి విలుకాడు వాడి వేషం.
ఎందుకు అదే ఎంచుకున్నావని నేను అడగలేదు.
ఆరు దాటితే జమీర్ బండి మీదే ఎందుకొస్తాడో,
మా మెట్లు పద్నాలుగని వాడికెట్ల తెలుసో,
అదీ అడగలేదు.

"సందేళైతే నాకంతే కదక్కా.
లైట్లు కనపడతాయి. దోవ కనపడదు.
దీపం వేరే, దీపం పరిచే వెలుగు వేరే.
మీ పుస్తకమాయనకు రేచీకటి ఉండదులే."

ఏడుపు గొంతేం కాదు.
చెనక్కాయలు ఒలుచుకుంటా చెప్పినాడు,
పొట్టు ఊదుకుంటా.
మధ్యలో ఒక పుచ్చుగింజ తగిలినట్టుంది,
థూ అన్నాడు.

కరెంటొచ్చింది.
ఏడు చింతగింజలూ చూసేసినాయి.
చెంగల్రాయుడు బిళ్ల మింగేసినానన్నాడు.
కడుపు గట్టి వస్తువా కాదా,
వచ్చే ఆదివారానికి వాయిదా.

పదిన్నరకు మెట్లు దిగేటప్పుడు
జమీర్ ఆ చిట్టి టార్చిని
మునిశేఖర్ కాళ్లకు ఒక మెట్టు ముందుగా పట్టినాడు.
వీడు లోలోపల లెక్కపెట్టుకుంటా ఉన్నాడు.
పదకొండో మెట్టు మొన్ననే పెచ్చూడిందని
పైనుంచి అరవబోయినా.
అప్పటికే పన్నెండు అంటా ఉన్నాడు.