నేలకు అరంగుళం పైన

మూతబడ్డ రిసార్టు వేలంలో దొరికింది ఎర్ర బండి,
నాలుగు లావు చక్రాలు,
చిరిగిన సీటులోంచి తొంగిచూసే స్పాంజి.
దాంతోపాటు ఒక పుస్తకం.
అట్ట మీద బొంతలాంటి కోటు తొడుక్కున్న మనిషి
బండికి రేకు కట్టి, తెల్లగా దేన్నో నెడుతున్నాడు.
"ఏందన్నా అది, సున్నమా?" అన్నాడు ఇలియాజ్.
మంచు, అన్నాను.
బాలానగర్ షెడ్డులో ఉన్నది నలుగురం.
ఫ్రిజ్జు పై అరలో పేరుకున్నదే
మాకు తెలిసిన మంచు. దాన్ని గరిటెతో గీకుతాం.

మాకున్నది బురద.
మూసీ మూడు రోజులు గల్లీల్లో కాపురముండి
పోతూ పోతూ మోకాలి లోతు వదిలిపోయింది.
పారకు అంటుతుంది, అంటితే విడవదు.
బస్తీవాళ్లు ఇంటికింత వేసుకొని
చందా డబ్బులు గుడ్డసంచిలో తెచ్చిచ్చారు.
నోట్లు కూడా తడిగానే ఉన్నాయి.

రేకు కోసం వెతకలేదు.
తుక్కులో నీళ్ల ట్యాంకరొకటి పడి ఉంది,
దాని పొట్ట ఐదడుగులు కోశాను.
వంపు అందులోనే ఉంది, వంచే పని తప్పింది.
మే నెలలో బిందెల వరుస ముందు ఆగిన ట్యాంకరే,
కొట్లాటల సొట్టలు అట్లాగే ఉన్నాయి.
పెయింటులో "త్రాగు" వరకు మిగిలింది.
గ్రైండరు ఆ పక్కకు పోనివ్వలేదు.

వించిని ముందు చట్రానికి నాలుగు బోల్టులతో బిగించాం.
బ్యాటరీ నుంచి లావు తీగ, మధ్యలో ఫ్యూజు,
హ్యాండిల్ మీద బొటనవేలికందే స్విచ్చు.
పైకి నొక్కితే తాడు చుట్టుకొని బ్లేడు లేస్తుంది.
కిందికి నొక్కితే తాడు వదులవుతుందంతే,
దిగడం దాని బరువు చూసుకుంటుంది.
ఇనుప తాడు మొదటి పూటే ఒకేచోట నలిగి
పోగులు లేచి ఇలియాజ్ అరచెయ్యి చీరింది.
పీకి అవతల పారేసి లారీ సరుక్కి కట్టే పట్టీ వేశాం.
డ్రమ్ము మీద ఎప్పుడూ మూడు చుట్లు మిగలాలి,
లేకుంటే కొస ఊడొస్తుంది.
ఇది పుస్తకంలో ఉంది.

మ్యాన్‌హోల్ మూతల సంగతి పుస్తకంలో లేదు.
రోడ్డుకన్నా బెత్తెడు లేచిన మూతకు బ్లేడు తగిలితే
నడిపేవాళ్లు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతారు.
పాత చేతక్ స్ప్రింగులు రెండు వెనక కట్టాను.
తగలగానే బ్లేడు ముందుకు వాలుతుంది,
దాటాక లేచి నిలబడుతుంది,
జీతం రోజు రాత్రి మా మేస్త్రీలాగా.
అడుగున రెండు ఇనుప చెప్పులు,
నేలకు అరంగుళం పైన.

నడపడానికొచ్చింది బాలమణి.
ఇరవై రెండేళ్లు చీపురు పట్టిన మనిషి.
"గంత పనికి గిదేంది, ఒక్క వేలేనా?" అని
స్విచ్చును అనుమానంగా తడిమింది.
కొంగు నడుముకు దోపి ఎక్కింది.

మొదటి గల్లీలో బురద
పెనం మీద దోశలా అంచు లేచి చుట్ట చుట్టుకుంది.
మేడల మీద పిల్లలు ఈలలేశారు.
మూడో ఇంటి ముందు ఆపేసింది.
బ్లేడు లేపింది, వెనక్కి తీసింది, మళ్లీ లేపింది.
మోటరు కాలిందనుకొని పరిగెత్తాను.
ఆమె అప్పటికే దిగి
మోచేతుల దాకా ముంచి తోడుతోంది.
కుట్టుమిషను తల. ఖైరున్ది.
సూది ఇంకా ఉంది, దానికి ఎర్ర దారం ఉంది.

"ఎట్ల తెలిసింది?"
"హ్యాండిల్ చెప్పింది. చీపురు చెప్పదా ఏంది?"
తర్వాత చెప్పులకేసి చూసి,
"అరంగుళం తక్కువ. ఇంకింత పెంచు.
అడుగున మిగిలింది నేనూడుస్త."

వాషర్లు రెండేసి వేశాను.
వెనక క్యారియరుకు తన చీపురు కట్టుకుంది,
ముడి నేను వేయబోతే చెయ్యి తోసేసింది.
ఇలియాజ్ కట్టు కట్టిన చెయ్యితో
పుస్తకం అట్ట చించి షెడ్డు గోడకు అతికించాడు.
తెల్లటి చోట వాడి వేలిముద్ర, నల్లగా.

పదిహేడు వందలు ఇంకా రావాలి చందాలో.
అడగాలి.
ముందు ఆ మిషను ఆరనీ.